అమ్మానాన్నలకు సైకిలు కొనేముందు: మెల్‌బోర్న్ నుంచి ఒక ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

పిల్లల దగ్గరికి వచ్చి ఆస్ట్రేలియాలో ఉండిపోతున్న పెద్దవాళ్ళ గురించి మన పత్రికల్లో వచ్చేది ఎక్కువగా వీసాల సంగతి, ఇన్సూరెన్సు సంగతి, పండగల సంగతి. వాళ్ళకు మామూలు రోజు ఎలా గడుస్తుందన్నది పెద్దగా రాదు. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, వెర్రిబీ లాంటి మెల్‌బోర్న్ పడమటి శివార్లలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. పొద్దున్నే కొడుకూ కోడలూ ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళిపోతే ఇంట్లో పెద్దవాళ్ళిద్దరే మిగులుతారు. కారు నడపరు. దుకాణం రెండు కిలోమీటర్లు, లైబ్రరీ మూడు కిలోమీటర్లు. కొత్తిమీర కట్టకైనా సాయంత్రం దాకా కొడుకు కోసం ఎదురుచూడాలి. నలభై ఏళ్ళు ఇల్లు నడిపినవాళ్ళకి ఇలా అడిగి తెప్పించుకునే బతుకు ఎంత కష్టమో పిల్లలకి వెంటనే తెలియదు, పెద్దవాళ్ళు చెప్పుకోరు.

ఈ రెండు మూడు కిలోమీటర్ల దూరానికి సైకిలుకి మించింది లేదు. ఈ శివార్లన్నీ చదును నేల. వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. పెద్ద రోడ్ల పక్కన, వాగుల వెంబడి కాలినడకకీ సైకిలుకీ కలిపి వేసిన దారులున్నాయి. అయితే సైకిలు ఎంపికలో, మొదటి నెల అలవాటులో పొరపాట్లు జరిగి, ఒకసారి పడగానే దాన్ని గ్యారేజీలో పడేసే ఇళ్ళు ఎక్కువ. అందుకే మాకు తెలిసిన వివరాలు రాస్తున్నాం. ఇక్కడ చెప్పే చట్టాలు విక్టోరియా రాష్ట్రానివి. వేరే రాష్ట్రాల్లో తేడా ఉన్న ముఖ్యమైన చోట ఆ మాట చెబుతాం.

పిల్లలు సాధారణంగా తమ పాత మౌంటెన్ బైకు దుమ్ము దులిపి నాన్నకి ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దాని పైకడ్డీ ఎత్తు, హ్యాండిలు కిందికి ఉంటుంది కాబట్టి ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది, మెడ ఎత్తి చూడాలి. అన్నిటికన్నా ప్రమాదం ఎక్కడంలో ఉంది. మన పెద్దవాళ్ళకి అలవాటైన పద్ధతి ఎడమ కాలు పెడలు మీద పెట్టి, రెండడుగులు తోసి, కుడి కాలు వెనకనుంచి తిప్పి సీటు మీద కూర్చోవడం. ఇరవై ఏళ్ళ తర్వాత అదే పని చేయబోతే తుంటి అంత తిరగదు, మడమ క్యారేజికి తగులుతుంది, సైకిలు అప్పటికే కదులుతూ ఉంటుంది కాబట్టి పక్కకి పడిపోతారు. అరవై దాటాక పడడమంటే మణికట్టో తుంటో విరగడం.

కాబట్టి పైకడ్డీ లేకుండా మధ్యలో కిందికి వంగిన ఫ్రేము కొనాలి. ఇక్కడ స్టెప్ త్రూ అంటారు. మన దగ్గర లేడీస్ సైకిలనే పేరు కాబట్టి నాన్నగార్లు మొహమాటపడతారు. ఇక్కడ ఆడా మగా అందరూ దాన్నే తొక్కుతారని చూపించండి. ఎక్కే పద్ధతి కూడా కొత్తగా నేర్చుకోవాలి: రెండు బ్రేకులూ పట్టుకుని, ఫ్రేము మధ్యలోంచి కాలు దాటించి, సీటుకి ముందు రెండు కాళ్ళ మీదా నిలబడాలి. కుడి పెడలును గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తేవాలి. బ్రేకు వదిలి, ఆ పెడలును నొక్కుతూ సీటు మీదకి లేవాలి. దిగేటప్పుడు పూర్తిగా ఆగి, సీటు ముందుకి జారి, రెండు కాళ్ళూ నేలకి ఆనించాకే కాలు దాటించాలి. పదిసార్లు పచ్చిక మీద చేస్తే వచ్చేస్తుంది.

సీటు ఎత్తు చాలామంది తప్పుగా పెట్టుకుంటారు. సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద ఉంచి కిందిదాకా తొక్కితే కాలు సరిగ్గా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ధైర్యం కోసం మొదటి రెండు వారాలు దానికంటే రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించుకోవచ్చు. అక్కడే ఉంచేస్తే మాత్రం మోకాళ్ళ ముందువైపు నొప్పి మొదలవుతుంది. సైకిలు తొక్కితే మోకాళ్ళు పాడయ్యాయని చెప్పేవాళ్ళ సీటు చూడండి, చాలాసార్లు కిందికి ఉంటుంది. హ్యాండిలు సీటుకంటే నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే నడుము నిటారుగా ఉంటుంది. టైరు వెడల్పు 38 నుంచి 47 మిల్లీమీటర్ల మధ్య చూసుకోండి. మడ్గార్డులు, చైను కవరు, క్యారేజి, రెండు కాళ్ళ స్టాండు ఉండాలి. ఒంటికాలి స్టాండు మీద బియ్యం సంచి పెడితే సైకిలు తిరగబడుతుంది.

అద్దం తప్పనిసరిగా పెట్టించండి, కుడి హ్యాండిలుకి. ఎడమవైపు ట్రాఫిక్కు కాబట్టి వాహనం మన కుడి భుజం వెనకనుంచి వస్తుంది. మెడ అరిగినవాళ్ళు వెనక్కి తిరిగి చూడబోతే హ్యాండిలు కూడా అటే తిరుగుతుంది.

అమ్మల్లో చాలామందికి సైకిలు రాదు. అరవైలో కూడా నేర్చుకోవచ్చు, పద్ధతి వేరు. రెండు పెడళ్ళూ ఊడదీసి, సీటు బాగా దించి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేలా చూసి, కొద్దిపాటి వాలున్న పచ్చికలో కాళ్ళతో తోసుకుంటూ పోవాలి. నాలుగైదు రోజుల్లో పాదాలు కాసేపు గాల్లో నిలుస్తాయి. అప్పుడు పెడళ్ళు బిగించాలి. పెడలు విప్పడానికి 15 నంబరు పానా కావాలి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి, గడియారం తిరిగే దిశలో తిప్పితే అది వదులవుతుంది. తెలియక బలవంతంగా బిగిస్తే క్రాంకు (పెడలు బిగించే కాడ) మర చెడిపోయి, కొన్ని వారాలకు తొక్కుతుండగానే పెడలు ఊడి పడుతుంది. బట్టల విషయంలో చుడీదారు హాయి, చున్నీ ఇంట్లో వదిలేయాలి. చీరతో తొక్కాలనుకుంటే వెనక చక్రానికి రెండు పక్కలా జాలీ ఉన్న సైకిలే తీసుకోవాలి.

మూడు చక్రాల సైకిలు గురించి అడిగేవాళ్ళున్నారు. తూలే జబ్బు, పక్షవాతం తర్వాత బలహీనత లాంటివి ఉన్నవాళ్ళకి మంచిదే. కానీ అది మలుపులో పక్కకి ఒరగదు. నడక వేగానికి మించి మలుపు తిప్పితే లోపలి చక్రం లేచి బయటివైపుకి పడుతుంది. రెండు చక్రాలు బాగా తొక్కినవాళ్ళకే ఈ పొరపాటు ఎక్కువ, ఎందుకంటే వాళ్ళ ఒళ్ళు ఒరగడానికి అలవాటు పడి ఉంటుంది.

బ్రేకుల దగ్గర కాస్త ఆగాలి. మన పాత హీరో, అట్లాస్ సైకిళ్ళకి కడ్డీ బ్రేకులు, ఇనప రిమ్ములు. ఎంత గట్టిగా పట్టినా నిదానంగానే ఆగేవి, వానలో అసలు ఆగేవి కావు. అందుకని చేతిలో ఉన్న బలమంతా పెట్టి పట్టడం అలవాటు. ఇప్పటి డిస్కు బ్రేకుని అలా పడితే ముందు చక్రం టక్కున ఆగిపోయి మనిషి ముందుకి వెళ్ళిపోతాడు. ఇక్కడ కూడా మనలాగే కుడి చేతిది ముందు బ్రేకు, ఎడమ చేతిది వెనక బ్రేకు. అయినా కొన్నప్పుడు ఒక్కొక్కటే పట్టి ఏది దేనిదో చూసుకోండి, ఆన్‌లైన్‌లో కొన్నవాటికి తారుమారుగా ఉండొచ్చు. రెండు చేతుల్లోనూ రెండేసి వేళ్ళతో, మొదట వెనక చక్రం బ్రేకు, వెంటనే ముందు చక్రం బ్రేకు మెల్లగా పెంచుతూ పట్టడం ఖాళీ పార్కింగులో సాధన చేయాలి. మొదటి వారం ఇదొక్కటి చేస్తే చాలు.

గేర్లు మన తరానికి కొత్త. వెనక పళ్ళచక్రాలు బయటికి కనపడే రకంలో తొక్కుతూనే గేరు మార్చాలి, అదీ తేలిగ్గా తొక్కుతూ. సిగ్నలు దగ్గర బరువు గేరులో ఆగిపోతే తిరిగి కదలడం కష్టమై తూలతారు, కాబట్టి ఆగబోయే ముందే తేలిక గేరుకి తెచ్చుకోవాలి. చక్రం ఇరుసు లోపలే ఏడెనిమిది గేర్లుండే రకం ఇంకొకటి ఉంది. దాన్ని ఆగి ఉన్నప్పుడు కూడా మార్చుకోవచ్చు, చైను జారదు, మరమ్మతు తక్కువ. ధర కొంచెం ఎక్కువైనా పెద్దవాళ్ళకి ఇదే కొనమంటాం.

కరెంటు సైకిలు కొనాలా అంటే, ఎదురుగాలికి, మోకాళ్ళకి చాలా సాయం. చట్టం ప్రకారం 250 వాట్ల మోటారు, తొక్కుతుంటేనే సాయపడాలి, గంటకి 25 కిలోమీటర్లు దాటాక సాయం ఆగిపోవాలి. అంతకు మించినది మోటారు వాహనం లెక్కలోకి వస్తుంది, ఆన్‌లైన్‌లో చౌకగా దొరికేవాటిలో అలాంటివి చాలా ఉంటాయి. కొనేటప్పుడు దుకాణంలో అడగాల్సింది సెన్సారు గురించి. చౌక రకాల్లో పెడలు తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే కనిపెడతాయి. పెడలు సగం తిరగ్గానే ఒక్కసారిగా ముందుకి లాగుతాయి. టార్కు సెన్సారు ఉన్నదైతే కాలు ఎంత నొక్కితే అంత సాయమే ఇస్తుంది. పెద్దవాళ్ళకి రెండోదే క్షేమం. ఏది కొన్నా సిగ్నలు దగ్గర ఆగినప్పుడు బ్రేకులు పట్టుకునే ఉండాలి, కాలు పొరపాటున పెడలు మీద పడితే బండి కదులుతుంది. బరువు ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి మెట్లెక్కించే పని ఉన్న ఇంటికి పనికిరాదు.

మామూలు కొత్త సైకిలు ఐదారు వందల డాలర్ల నుంచి, మంచి కరెంటు సైకిలు రెండు వేల డాలర్ల పైనుంచి దొరుకుతాయి. సైకిలు దుకాణంలో కొంటే వాళ్ళే బిగించి ఇస్తారు, మొదటి సర్వీసు తరచూ ఉచితం. పెట్టెలో వచ్చిన సైకిలుని ఇంట్లో బిగించినప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఫోర్కుని, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ కడ్డీని, తిరగేసి పెట్టడం. రిమ్ముని పట్టే బ్రేకున్న సైకిలైతే ముందు బ్రేకు ఫోర్కుకి ముందువైపు కనపడాలి. వెనక, ఫ్రేము వైపుకి దాక్కుని ఉంటే ఫోర్కు తిరగబడినట్టే. అలా తొక్కితే హ్యాండిలు నిలకడగా ఉండదు, మలుపులో బూటు చక్రానికి తగులుతుంది.

హెల్మెట్ లేకుండా ఇంటి ముందు సందులో కూడా తొక్కకూడదు. 1990 జులై 1న విక్టోరియాలో ఈ చట్టం వచ్చింది, ప్రపంచంలో ఇదే మొదటిది. జరిమానా 200 డాలర్లకి పైనే. హెల్మెట్ లోపల ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 2063 అనే ముద్ర చూసి కొనండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మోటారు సైకిలు హెల్మెట్ కుదరదు. కనుబొమలకి రెండు వేళ్ళ పైన అంచు ఉండాలి, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు పట్టే సందు చాలు. తలకి వెనక్కి జరిపి పెట్టుకుంటే నుదురు బయటపడుతుంది, పడినప్పుడు దెబ్బ తగిలేది అక్కడే. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనపడినా మార్చేయాలి.

ఎక్కడ తొక్కాలన్న విషయంలో మనవాళ్ళకి అయోమయం ఎక్కువ. మనిషి బొమ్మా సైకిలు బొమ్మా రెండూ ఉన్న బోర్డు ఉంటే అది ఉమ్మడి దారి. ఎడమ పక్కనే తొక్కుతూ, నడిచేవాళ్ళకి దారి ఇవ్వాలి. బెల్లు దగ్గరికొచ్చి కొడితే వాళ్ళు ఉలిక్కిపడి అడ్డం వస్తారు, కాస్త దూరంనుంచే ఒకసారి కొట్టి నెమ్మదించాలి. ఇళ్ళ ముందుండే మామూలు కాలిబాట మీద విక్టోరియాలో పెద్దవాళ్ళు తొక్కకూడదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేవి రెండు. పన్నెండేళ్ళు, అంతకు తక్కువ వయసున్న మనవడో మనవరాలో సైకిలు మీద పక్కన ఉంటే తాతగారు కూడా కాలిబాట మీద తొక్కొచ్చు. బడికి దింపి ఒంటరిగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ వీలు ఉండదు. రోడ్డు మీద తొక్కడం కష్టమయ్యే ఆరోగ్య సమస్య ఉంటే డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకుని జేబులో పెట్టుకుంటే ఒంటరిగానైనా కాలిబాట మీద తొక్కొచ్చు. క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో అన్ని వయసులవాళ్ళూ కాలిబాట మీద తొక్కొచ్చు. న్యూ సౌత్ వేల్స్‌లో పదహారేళ్ళలోపు పిల్లలకీ, వాళ్ళతో ఉన్న పెద్దవాళ్ళకీ మాత్రమే.

రోడ్డు మీద వెళ్ళేటప్పుడు కార్లు మనకి కనీసం మీటరు దూరం ఇవ్వాలని, 60 కిలోమీటర్ల వేగ పరిమితి దాటిన రోడ్లలో మీటరున్నర ఇవ్వాలని చట్టం. మనం కూడా ఆగి ఉన్న కార్లకి మీటరు పైనే ఎడంగా పోవాలి, ఎవరో తలుపు తీస్తే తప్పించుకునే వీలుండదు. రౌండెబౌట్లు, అంటే గుండ్రటి కూడళ్ళు, ఈ శివార్లలో అడుగడుగునా ఉన్నాయి. మన ఊళ్ళో చొరవగా ముందుకొచ్చినవాడిది దారి. ఇక్కడ లోపల తిరుగుతున్న వాహనానిది, అంటే మన కుడివైపు నుంచి వచ్చేదానిది. రెండు వరసల రౌండెబౌటులో పెద్దవాళ్ళు సైకిలు మీద కుడికి తిరగబోవద్దు. ఎడమ వరసలో ఉండి కుడికి తిరిగే సైకిలు, బయటికి పోయే కార్లన్నిటికీ దారి ఇవ్వాలన్నది నియమం, ఆ లెక్క చూసుకుంటూ తొక్కడం కష్టం. దిగి, కాలిబాట మీదుగా నడిపించుకుని దాటితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. జీబ్రా దగ్గర కూడా దిగే దాటాలి. చెత్త డబ్బాలు బయటపెట్టే రోజున దారి సగం మూసుకుపోయి ఉంటుంది, ఆ రోజు ఏదో తెలుసుకుని పెట్టుకోండి.

దారుల్లో స్కెలిటన్ క్రీక్ వెంబడి ఉన్నది, వెర్రిబీ నది వెంబడి ఉన్నది మొదలుపెట్టడానికి అనువు. ఫెడరేషన్ ట్రెయిల్ వెర్రిబీ నుంచి నగరం వైపు పోతుంది, కానీ నీడ తక్కువ, ఎదురుగాలి జాస్తి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు అది వెనకనుంచి తోస్తుంది. గడ్డి పెరిగిన వాగు దారుల్లో ఎండాకాలం టైగర్ పాము, బ్రౌన్ పాము కనపడతాయి. రెండూ విషసర్పాలే. దారి మీద ఉంటే ఆగి దూరంగా నిలబడి అది పోయాకే కదలండి.

పాముకన్నా ఎక్కువమందిని పడేసేది మ్యాగ్‌పై. కాకంత ఉండే నలుపు తెలుపు పిట్ట. ఇక్కడి వసంతంలో, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూట్లో గుడ్లో పిల్లలో ఉన్నప్పుడు మగపిట్ట దగ్గరికొచ్చినవాళ్ళ మీదకి వెనకనుంచి దూకుతుంది. రెక్కల చప్పుడు చెవి పక్కన హోరున వినపడుతుంది, ముక్కు హెల్మెట్‌కి టక్కున తగులుతుంది, కొన్నిసార్లు చెవినో చెంపనో గీరుతుంది. అదంతా ఒక ఎత్తు, ఆ కంగారులో చేతులు విసిరి హ్యాండిలు వదిలేయడం ఇంకో ఎత్తు. ఎముకలు విరిగేది ఎక్కువగా దానివల్లే. చేయాల్సిన పని సులువు: దిగిపోండి. హెల్మెట్ తీయకుండా, దానివైపు చూస్తూ, సైకిలు నడిపించుకుంటూ వంద నూటయాభై మీటర్లు దాటితే అది వదిలేస్తుంది. నడిచేవాళ్ళ కన్నా సైకిలు మీద వేగంగా పోయేవాళ్ళంటేనే దానికి కోపం. చలువ కళ్ళద్దాలు పెట్టుకుంటే కళ్ళకి రక్షణ. ఆ ఒకటి రెండు నెలలు దారి మార్చుకోవడం ఇంకా మంచిది, అది ఏటా దాదాపు అదే చెట్టు దగ్గర కాపు కాస్తుంది.

ఎండ సంగతి మనకి చెప్పాలా అనుకోకండి. ఇక్కడ వాతావరణం చల్లగా ఉన్నప్పుడు కూడా ఎండ మాడుస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే యూవీ సూచి 3 గాని అంతకు మించి గాని ఉంటే సన్‌స్క్రీన్ రాసుకోమని ఇక్కడి ఆరోగ్యశాఖ సలహా, వేసవిలో అది 10 దాటడం మామూలు. ఎండాకాలం పొద్దున పది గంటల లోపల ఇంటికి చేరాలి. చలికాలంలో ఇబ్బంది వేరు. తెల్లవారుజామున లేచి బయల్దేరే అలవాటు మనవాళ్ళది. జూన్‌లో మెల్‌బోర్న్‌లో సూర్యుడు ఏడున్నరకి గాని రాడు, సాయంత్రం ఐదు దాటగానే చీకటి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, 200 మీటర్ల నుంచి కనపడేవి, వెనక ఎర్ర రిఫ్లెక్టరు చట్టం ప్రకారం ఉండాల్సినవి. మంచు పడిన పొద్దున చెక్క వంతెన మీద బ్రేకు వేయొద్దు, మలుపు తిప్పొద్దు.

మొదలుపెట్టేముందు డాక్టరుని కలవండి. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గాని వాడేవాళ్ళు తొక్కేముందు షుగరు చూసుకోవాలి, జేబులో గ్లూకోజు బిళ్ళలు ఉంచుకోవాలి. తూలినట్టనిపిస్తే ఇంటిదాకా ఓర్చుకోకుండా అక్కడే ఆగి నోట్లో వేసుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి తలకి చిన్న దెబ్బ తగిలినా, పైకి ఏమీ లేకపోయినా, ఆసుపత్రికి పోవాల్సిందే. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళకి మోకాలు 110 డిగ్రీల దాకా వంగితేనే పెడలు పూర్తి చుట్టు తిరుగుతుంది, ఫిజియోథెరపిస్టు చూసి చెబుతారు. గ్లకోమా ఉంటే పక్క చూపు పరీక్ష చేయించుకోండి.

సరుకుల విషయానికొస్తే, హ్యాండిలుకి సంచులు తగిలించకండి. ఊగి ముందు చక్రం పుల్లల్లో పడితే బండి అక్కడికక్కడ ఆగుతుంది. క్యారేజికి రెండు పక్కలా వేలాడే సంచులు దొరుకుతాయి. చాలా క్యారేజీలు 25 కిలోల దాకా మోస్తాయి, దాని మీదే రాసి ఉంటుంది. ఐదు కిలోల బియ్యం సంచి ఒక పక్క, రెండు లీటర్ల పాల డబ్బా, కందిపప్పు, కూరలు రెండో పక్క పెడితే సమంగా ఉంటుంది. బరువైనవి అడుగున, తేలికవి పైన. దుకాణం దగ్గర తాళం వేసేటప్పుడు డి ఆకారపు తాళాన్ని ఫ్రేముకీ వెనక చక్రానికీ కలిపి ఇనప కడ్డీకి వేయండి. ఒక్క చక్రానికే వేస్తే ఆ చక్రం మాత్రమే మిగులుతుంది. మెల్‌బోర్న్ మెట్రో రైళ్ళలో సైకిలు ఉచితంగా తీసుకెళ్ళొచ్చు, కాకపోతే మొదటి పెట్టె మొదటి తలుపు దగ్గర ఎక్కకూడదు, అది చక్రాల కుర్చీల వాళ్ళది.

పంక్చరు మన ఊళ్ళో పది నిమిషాల పని, ఇక్కడ దుకాణంలో ముప్ఫై డాలర్లు దాటొచ్చు. మన పంక్చరు కొట్టతను చక్రం ఊడదీయడు, గుర్తుందా? అదే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది, ముఖ్యంగా ఇరుసులో గేర్లున్న వెనక చక్రానికి. సైకిలు తలకిందులు చేసి, ప్లాస్టిక్ టైరు లీవర్లు రెండిటితో టైరు ఒక పక్క విప్పి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, బుడగ ఎక్కడ వస్తుందో నీళ్ళలో ముంచి చూడాలి. తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పలచగా రాసి ఐదు నిమిషాలు ఆగాలి. తడి మెరుపు పోయాకే అతుకు వేసి గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగా వేసిన అతుకు మర్నాటికి లేచిపోతుంది. ట్యూబు పెట్టేముందు టైరు లోపల వేలితో జాగ్రత్తగా తడిమి ముల్లో గాజుపెంకో ఉంటే తీయాలి. పక్కపక్కనే రెండు చీలికలు కనపడితే ముల్లు గుచ్చుకున్నట్టు కాదు, గాలి తక్కువై రిమ్ము నొక్కినట్టు. డెబ్భై కిలోల మనిషి 38 మిల్లీమీటర్ల టైరులో ముందు 45, వెనక 55 పీఎస్‌ఐ ఒత్తిడికి గాలి కొట్టుకుని, వారానికోసారి చూసుకుంటే అది రాదు. గేజి ఉన్న నిలువు పంపు ఒకటి కొనుక్కోండి. వాల్వు మోటారు సైకిలుది లాంటిదైతే గాలి నేరుగా కొట్టొచ్చు. సన్నదైతే కొన మీదున్న చిన్న నట్టు విప్పి, ఒకసారి వేలితో నొక్కి వదిలాకే పంపు తగిలించాలి. ఇండియా నుంచి తెచ్చిన పంపు వీటికి సరిగా కూర్చోకపోవచ్చు. మిల్డూరా వైపు, లోపలి న్యూ సౌత్ వేల్స్‌లో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉండేవాళ్ళకి ఒక మాట: మన చేలగట్ల మీద ఉండే పల్లేరు కాయే అక్కడ దారుల పక్కన ఉంది. ముళ్ళు ఆపే పొర ఉన్న టైర్లే వేయించుకోండి.

ప్రమాదం జరిగితే 000. ఇంగ్లిషులో వివరంగా చెప్పలేకపోయినా "ఆంబులెన్స్" అని, తర్వాత "తెలుగు" అని చెప్పి లైన్లో ఉంటే దుబాసీని కలుపుతారు. దారుల మీద అక్కడక్కడా ఆకుపచ్చ బోర్డుల మీద మూడు అక్షరాలు, మూడు అంకెలు రాసి ఉంటాయి. అది చదివితే చాలు, ఎక్కడున్నారో వాళ్ళకి తెలిసిపోతుంది. ఫోన్లో ఎమర్జెన్సీ ప్లస్ అనే యాప్ వేసి పెట్టండి, అది కూడా మీరున్న చోటు చూపిస్తుంది. మామూలు పనులకి దుబాసీ కావాలంటే 131 450. రాత్రిపూట డాక్టరుని కలవాలా వద్దా అన్న సందేహం వస్తే విక్టోరియాలో 1300 60 60 24కి నర్సుతో మాట్లాడొచ్చు.

ఖర్చు సంగతి పిల్లలు ముందే చూసుకోవాలి. భారతదేశంతో ఆస్ట్రేలియాకి పరస్పర వైద్య ఒప్పందం లేదు, కాబట్టి సందర్శక వీసా మీద గాని, మూడేళ్ళో ఐదేళ్ళో ఇచ్చే 870 వీసా మీద గాని ఉన్న తల్లిదండ్రులకి మెడికేర్ అనే ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం వర్తించదు. తీసుకున్న ప్రైవేటు ఇన్సూరెన్సులో అంబులెన్సు ఉందో లేదో చదవండి, విక్టోరియాలో ఒక్కసారి అంబులెన్సు వస్తే బిల్లు వెయ్యి డాలర్లు దాటుతుంది. కారు ఢీకొని దెబ్బ తగిలితే దారి వేరే ఉంది. విక్టోరియాలో టీఏసీ అనే సంస్థ, తప్పు ఎవరిదన్నదానితో సంబంధం లేకుండా, సైకిలు తొక్కేవాళ్ళ వైద్య ఖర్చు కూడా భరిస్తుంది. నంబరు 1300 654 329. కారు నంబరు, డ్రైవరు పేరు రాసుకుని, పోలీసులకి చెప్పి, వీలైనంత త్వరగా, ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. పెద్దవాళ్ళు "పర్లేదు బాబూ" అని కారతన్ని పంపించేసి, సాయంత్రం నొప్పి మొదలయ్యాక కొడుక్కి చెబుతారు. అప్పటికి ఏ వివరమూ ఉండదు. ఈ ఒక్క విషయం ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. తమంతట తాము పడితే మాత్రం టీఏసీ రాదు, దానికి ఇన్సూరెన్సే గతి. సైకిలు సంఘాల సభ్యత్వంతో ప్రమాద బీమా కూడా వస్తుంది, వయసు పరిమితి ఎంతో అడిగి చేరండి.

ఇండియా నుంచి బయల్దేరేటప్పుడు మూడు నెలల మందులు, డాక్టరు చీటీతో సహా, అసలు డబ్బాల్లోనే తెచ్చుకోండి. మందుల బ్రాండు పేర్లు ఇక్కడ వేరు, చీటీలో మందు అసలు పేరు రాయించుకుంటే ఇక్కడి డాక్టరుకి వెంటనే అర్థమవుతుంది.

సంక్రాంతికని వెళ్ళి మూడు నాలుగు నెలలు ఊళ్ళో ఉండివచ్చేవాళ్ళు సైకిలుని టైర్లలో నిండుగా గాలి కొట్టి, చైనుకి నూనె వేసి, ఎండ తగలని చోట పెట్టి వెళ్ళాలి. కరెంటు సైకిలు బ్యాటరీ సగం ఛార్జీలో ఉంచి, ఊడదీసి, వేసవిలో కొలిమిలా కాగే గ్యారేజీలో కాకుండా ఇంట్లో చల్లటి చోట పెట్టండి. పూర్తిగా అడుగంటిన బ్యాటరీని నెలల తరబడి వదిలేస్తే మళ్ళీ ఛార్జి ఎక్కకపోవచ్చు. దాంతో వచ్చిన ఛార్జరే వాడాలి, రాత్రంతా వదిలేయొద్దు, బయటికి పోయే తలుపు దారిలో పెట్టి ఛార్జి చేయొద్దు. విమానంలో ఆ బ్యాటరీని ఎక్కించనివ్వరు, అందుకని ఊరికి తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు. తిరిగొచ్చాక తొక్కేముందు గాలి, బ్రేకులు, పెడళ్ళ బిగువు చూసుకుని, మొదటి రోజు పచ్చిక మీదే పది నిమిషాలు తొక్కండి.

ఇట్లు,
మెల్‌బోర్న్ పడమటి శివార్లలో సైకిలు తొక్కే కొందరు తెలుగువాళ్ళు